జైలుకూ జెండాకూ మధ్య

(స్మారకోపన్యాస పాఠం)



ఇలాంటి సభల్లో మొదట కాసేపు పోయినవారి గుణగణాలు చెప్పుకోవడం ఆనవాయితీ. మనం ఇవాళ తలుచుకుంటున్న మాస్టారికి పొగడ్త గిట్టేది కాదు. ఎదుటే పొగిడితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మాట మార్చేసేవారు. అందుకని ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళ్తాను. ఆయన చరిత్ర పాఠంలో ఏ యుద్ధం వచ్చినా, సేనాపతులూ సంధులూ అయిపోయాక ఒక ప్రశ్న వేసేవారు: "ఆ ఏడు బియ్యం ఎంతకి అమ్మాయిరా?" పాఠ్యపుస్తకంలో దానికి జవాబు ఉండేది కాదు. లేదని ఆయనకీ తెలుసు. పుస్తకం ఎవరి గురించి రాశారో, ఎవరిని వదిలేశారో మాకు తెలియాలని ఆ ప్రశ్న. ఇవాళ అదే ప్రశ్న పట్టుకుని, మన తీరానికి ఎదురుగా ఉన్న దీవుల మీద, 1942 నుంచి 1945 దాకా జపాన్ సైన్యం కింద బతికిన మామూలు మనుషుల గురించి మాట్లాడతాను.

అండమాన్ అనగానే మనకు రెండు బొమ్మలు కనిపిస్తాయి. ఒకటి సెల్యులార్ జైలు. 1996లో 'కాలాపాని' సినిమా తెలుగులో వచ్చాక ఆ బొమ్మ మరీ గట్టిపడింది. రెండోది 1943 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో నేతాజీ ఎగరేసిన మూడురంగుల జెండా. రెండూ నిజమే, రెండూ గర్వించదగినవే. అయితే రాజకీయ ఖైదీల్లో చివరివారిని 1938 జనవరికల్లా స్వదేశానికి తెచ్చేశారు. నేతాజీ ఆ దీవుల్లో ఉన్నది మూడు రోజులు. జైలు బొమ్మకీ జెండా బొమ్మకీ నడుమ, జెండా దిగిపోయాక కూడా, అక్కడ వేలమంది వంట చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, పొలం దున్నారు, దెబ్బలు తిన్నారు, చచ్చిపోయారు. వాళ్ళ మాట మన పుస్తకాల్లో ఒక్క పేరా కూడా లేదు.

మొదట ఆ జనం ఎవరో చెప్పాలి. 1858 నుంచి అండమాన్ శిక్షల కాలనీ. శిక్ష పూర్తయ్యాక అక్కడే ఇల్లూ భూమీ ఇస్తే ఉండిపోయినవారు, వారి పిల్లలు, మనవలు 1940 నాటికి ఒక సమాజంగా ఏర్పడ్డారు. అక్కడ వారిని లోకల్ బార్న్ అంటారు. పంజాబీ, బెంగాలీ, తమిళుడు, మరాఠీ ఎవరైనా రెండు తరాల్లో హిందుస్తానీ మాట్లాడేవారయ్యారు. కులం పట్టింపు సడలింది, పెళ్ళిళ్ళు కలిశాయి. వారితోపాటు 1921 తిరుగుబాటు తర్వాత మలబారు నుంచి పంపిన మాప్పిళ్ళలు, ఉత్తరాది నుంచి తెచ్చిన భాంతూలు, బర్మా నుంచి తెచ్చి మాయాబందర్ వైపు స్థిరపరచిన కరెన్లు, ప్రభుత్వ గుమస్తాలు, డాక్టర్లు, పోలీసులు ఉండేవారు. దక్షిణాన నికోబారీలు. అడవుల్లో, వీరెవరితోనూ సంబంధం లేకుండా, జారవాలు. 1941 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ రెండిటికీ కలిపి 33,768 మంది.

మనవాళ్ళకీ ఆ నేలతో పాత లెక్క ఒకటి ఉంది. అల్లూరి సీతారామరాజు అనుచరుల్లో ముఖ్యుడు గాం మల్లుదొరకు మొదట ఉరిశిక్ష పడి, తర్వాత ద్వీపాంతరవాసంగా మారింది. 1937లో విడుదలయ్యాడు. కాబట్టి యుద్ధం వచ్చేనాటికి ఆయన అక్కడ లేడు. ఆయన ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

ఇక బియ్యం. ఆ దీవులు ఓడ మీద బతికేవి. బియ్యం, పప్పు, నూనె, గుడ్డ, మందులు, అగ్గిపెట్టె ఏదైనా కలకత్తా, మద్రాసు, రంగూన్ రేవుల నుంచి రావాలి. కొబ్బరి ఉంది, కలప ఉంది, కొంత వరి పండేది. అది అందరికీ ఏడాది పొడుగునా చాలేది కాదు. ఎస్.ఎస్. మహారాజా అనే ఓడ మనకి ఖైదీల ఓడగానే గుర్తు. అక్కడివాళ్ళకి అది సరుకుల ఓడ, ఉత్తరాల ఓడ. ఓడ ఆగితే పొయ్యి ఆగుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగిలిన కథలో చాలా భాగం దానంతటదే అర్థమవుతుంది.

1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చి రాస్ దీవిలోని ప్రభుత్వ భవనాలు, సెల్యులార్ జైలు బాగా దెబ్బతిన్నాయి. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే యుద్ధం వచ్చింది. 1942 మార్చి 8న రంగూన్ పడింది. రంగూన్ రేవులో కూలిపని చేసే మన గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల వాళ్ళు వేలకొద్దీ అడవుల వెంట నడిచి వస్తున్న రోజులవి. దారిలో పోయినవాళ్ళకు లెక్క లేదు. అదే నెలలో బ్రిటిష్ ప్రభుత్వం అండమాన్‌లోని గూర్ఖా దళాన్ని వెనక్కి పిలిచింది. ఇంగ్లీషు కుటుంబాలనూ, కొందరు ఉద్యోగులనూ ఓడెక్కించింది. చీఫ్ కమిషనర్ వాటర్‌ఫాల్, కొద్దిమంది అధికారులు ఆగిపోయారు. జనం మాట ఎవరూ ఎత్తలేదు. మార్చి 23న జపాన్ దళాలు దిగాయి. ఒక్క తూటా అడ్డం రాలేదు. రెండు వారాలకు, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ రోజుల్లో విశాఖ ఖాళీ అయిన కథ మన ఇళ్ళలో అందరూ విన్నదే. మన పెద్దలు బండ్లు కట్టుకుని లోపలి ఊళ్ళకు పోయారు. అండమాన్‌వాళ్ళకు పోవడానికి లోపలి ఊరు లేదు. చుట్టూ సముద్రం, వెనక అడవి.

మొదటి రెండు మూడు రోజులు కొందరిలో ఆశ ఉండేదని అక్కడివారు చెప్పుకుంటారు. వచ్చినవాడు ఆసియావాడు, తెల్లవాణ్ణి తరిమినవాడు. సైనికులు జైలు తలుపులు తెరిచారు, ఖైదీలు బయటపడ్డారు. బజారు లూటీ అయింది. తర్వాత సైనికులు ఇళ్ళలోకి చొరబడడం మొదలైంది. కోళ్ళు, గుడ్లు, మేకలు, సైకిళ్ళు, గడియారాలు పట్టుకుపోయేవారు. ఆడవాళ్ళున్న ఇళ్ళు భయంతో తలుపులు బిగించుకున్నాయి. జుల్ఫికర్ అలీ అనే యువకుడు తన ఇంటివైపు వచ్చిన సైనికుల మీద ఎయిర్‌గన్ పేల్చాడు. ఎవరూ చావలేదు. అతణ్ణి అప్పగించకపోతే ఊరు తగలబెడతామన్నారు. దొరికాక చేతులు విరిచి, అందరూ చూస్తుండగా కాల్చి చంపారు. బర్డ్ అనే ఆంగ్లేయ అధికారిని గూఢచారి అని బహిరంగంగా తల నరికారు. మొదటి వారాల్లోనే జనానికి నియమం తెలిసిపోయింది: సైనికుడు ఎదురైతే వంగి నమస్కరించాలి, వంగకపోతే చెంపదెబ్బ. చెంపదెబ్బతో సరిపోతే అదృష్టం.

ఆక్రమణ అంటే మనకు తుపాకులే తోస్తాయి. నిజానికి దాన్ని నడిపేవాళ్ళలో సగం మంది గుమస్తాలు. జపాన్ నావికాదళం దీవిని పాలించాలంటే నీటి పంపు తిప్పేవాడు, ఆసుపత్రిలో కట్టు కట్టేవాడు, రంపపు మిల్లు నడిపేవాడు, దుబాసీ, కానిస్టేబు కావాలి. అందరూ స్థానికులే. జీతంగా జపాన్ సైన్యం అచ్చేసిన రూపాయి నోట్లు ఇచ్చేవారు. వాటితో కొనడానికి బజారులో ఏమీ ఉండేది కాదు. పిల్లలకు జపాన్ భాష నేర్పే బడులు పెట్టారు. రేడియోలు లాక్కున్నారు. ఉత్తరాలు ఆగిపోయాయి. మద్రాసులోనో లాహోరులోనో ఉన్న అన్నదమ్ములకు, అండమాన్‌లో ఉన్నవాడు బతికున్నాడో లేదో యుద్ధం ముగిసేదాకా తెలియలేదు.

పోర్ట్ బ్లెయిర్‌లో విమానాల దిగుడు మైదానం కట్టడానికి ఊరూరా ఇంటికొకరి చొప్పున వెట్టికి పట్టారు. కొండ తవ్వాలి, రాళ్ళు మోయాలి, కాంక్రీటు కలపాలి. సముద్రపుటొడ్డున ఆ రోజుల్లో కట్టిన కాంక్రీటు బంకర్లు ఇప్పటికీ ఉన్నాయి. కార్బిన్స్ కోవ్‌కు వెళ్ళిన మన యాత్రికులు వాటి ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటారు. ఆ కాంక్రీటు ఎవరి వీపు మీద ఎక్కిందో చెప్పే బోర్డు ఉంటే బాగుంటుంది.

వెట్టి నుంచి ఇంటికొచ్చాక తినడానికేం ఉండేది? మొదటి ఏడు నిల్వలతో గడిచింది. రెండో ఏటికి బియ్యం పండుగ వస్తువైంది. చిలగడదుంప, కర్రపెండలం, కొబ్బరి, అడవి ఆకులు, దొరికితే చేపలు. ఖాళీ జాగా అంతా దుంపలు వేయమని సైన్యమే ఆజ్ఞ చేసింది. పండినదాంట్లో సైన్యం వాటా ముందు. తన పెరట్లో తాను వేసిన దుంప తానే తవ్వుకుని తిన్నందుకు దొంగ కింద లెక్కకట్టి కొట్టిన కథలు అక్కడివారు చెబుతారు. మందులు అయిపోయాయి. మలేరియా దేశంలో క్వినైన్ లేకపోవడం అంటే ఏమిటో మన ఏజెన్సీ ఊళ్ళవారికి చెప్పనక్కరలేదు.

ఇక్కడ ఒక పక్కమాట. ఆకలి తీర్చుకోవడానికి జపాన్ సైనికులు ఆఫ్రికా జాతి పెద్ద నత్తల్ని ఆ దీవుల్లోకి తెచ్చారు. సైన్యం పోయింది, నత్తలు ఉండిపోయాయి. ఈ రోజుకీ వానాకాలం వస్తే అక్కడి రైతుల అరటి పిలకల్నీ బొప్పాయి మొక్కల్నీ కూరపాదుల్నీ అవే తినేస్తున్నాయి.

ఆకలి కన్నా మనుషుల్ని ఎక్కువ పిండేసింది గూఢచారి అనే మాట. జపాన్ సరుకు ఓడలు బంగాళాఖాతంలో వరసగా మునిగిపోతుండేవి. ఎవరో లోపలి నుంచి సమాచారం ఇస్తున్నారని సైన్యం అనుమానం. ఆ అనుమానంలో సగం నిజం ఉంది. 1943 జనవరిలో డెనిస్ మెకార్తీ అనే బ్రిటిష్ అధికారి, యుద్ధానికి ముందు అక్కడే పోలీసు సూపరింటెండెంటుగా చేసినవాడు, డచ్చి జలాంతర్గామిలో కొద్దిమందితో వచ్చి రహస్యంగా అడవిలో దిగాడు. వాళ్ళు అడవిలో ఉండి సమాచారం సేకరించారు. సైన్యం వాళ్ళను పట్టుకోలేకపోయింది. పట్టుకోగలిగినవాళ్ళనే పట్టుకుంది. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు, డాక్టర్లు, కంపౌండర్లు, బడిపంతుళ్ళు, పోస్టాఫీసువాళ్ళు, పోలీసు అధికారులు ఒక్కొక్కరే సెల్యులార్ జైలుకు వెళ్ళారు. ఒకరిని కొట్టి మరొకరి పేరు చెప్పించేవారు, ఆ పేరుగలవాణ్ణి కొట్టి మరో నలుగురి పేర్లు. మొదటి కేసు 1943లోనే తుపాకీ కాల్పులతో ముగిసింది. ఇంగ్లీషువాళ్ళు మన విప్లవకారుల్ని పెట్టిన గదుల్లోనే ఇది జరిగింది. ఆ జైలు చూడడానికి వెళ్ళే మనవాళ్ళలో ఎందరికి ఈ రెండో చరిత్ర తెలుసు?

దివాన్ సింగ్ అనే డాక్టరు గురించి కొంచెం ఆగి చెప్పాలి. పంజాబీ కవి. 1927 నుంచి పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం. కాలేపాణీ అని కలంపేరు పెట్టుకున్నాడు. జపాన్ వాళ్ళు వచ్చాక ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ స్థానిక శాఖకు అధ్యక్షుడయ్యాడు. అంటే ఇంగ్లీషు పాలన పోవాలని కోరుకున్నవాడే, జపాన్‌కు శత్రువు కాదు. ఆ పదవిలో ఉండి ఆయన చేసిన పని జనం తరఫున అడ్డుపడడం. ఫలానావాణ్ణి వదలండి, ఫలానా ఊరికి దుంపలు మిగల్చండి అనేవాడు. సైనికుల కోసం తెచ్చిన ఆడవాళ్ళను ఉంచడానికి గురుద్వారా అడిగితే ఇవ్వననడమే ఆయన మీద పగకు కారణమని అక్కడి సిక్కులు చెప్పుకుంటారు. 1943 అక్టోబరులో పట్టుకెళ్ళారు. దాదాపు మూడు నెలలు చిత్రహింసలు పెట్టారు. ఎవరి పేరూ చెప్పలేదు. 1944 జనవరి 14న జైల్లోనే చనిపోయాడు.

ఈ తేదీల పక్కన ఇంకో తేదీ పెట్టి చూడండి. నేతాజీ వచ్చింది 1943 డిసెంబరు 29న. మర్నాడు జెండా ఎగరేశారు. దీవులకు షహీద్, స్వరాజ్ అని పేర్లు పెట్టారు. సెల్యులార్ జైలును కూడా చూశారు. అప్పటికి దివాన్ సింగ్ అదే జైల్లో ఉన్నాడు, ఆయనతోపాటు వందలమంది ఉన్నారు. ఆ భాగం నేతాజీకి చూపలేదు. పట్టణంలో ఆయన చుట్టూ ఎప్పుడూ జపాన్ అధికారులే. జనం దూరం నుంచి చూశారు. చెప్పుకోవాలని ఎందరు అనుకుని ఉంటారో! నోరు విప్పడానికి దారి లేదు. ఆయన వెళ్ళిన నెల రోజులకు, 1944 జనవరి 30న, హంఫ్రీగంజ్ దగ్గర కందకం ముందు నిలబెట్టి 44 మందిని కాల్చి చంపారు. వారిలో ఎక్కువమంది ఇండిపెండెన్స్ లీగ్ సభ్యులు. నేతాజీ జెండా కింద నిలబడ్డవారు!

ఇది చెప్పగానే కొందరు ముఖం చిట్లిస్తారు. నేతాజీని తక్కువ చేస్తున్నారా అని అడుగుతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నేతాజీ గొప్పతనం ఈ వాస్తవాల వల్ల తగ్గదు. ఆయనకు దీవులు ఇచ్చామని టోక్యోలో ప్రకటించిన జపాన్ పాలకులు నిజానికి ఏమీ ఇవ్వలేదు. నేతాజీ ఏర్పరచిన ఆజాద్ హింద్ ప్రభుత్వం తరఫున 1944 తొలినాళ్ళలో చీఫ్ కమిషనర్‌గా వచ్చిన లోగనాథన్, వృత్తికి సైనిక వైద్యుడు, చేతికి అందుకున్నది విద్యాశాఖ ఒక్కటే. పోలీసును ఇవ్వమన్నాడు, ఇవ్వలేదు. పోలీసు లేని పాలకుడు బడులు తెరుచుకున్నాడు. ఆ ఏడే ఆరోగ్యం బాగాలేక తిరిగి వెళ్ళిపోయాడు. అయినా ఆయన ఉన్న కాలంలో అరెస్టులు కొంత నెమ్మదించాయంటారు. అదీ తక్కువ సంగతి కాదు. మనం తప్పుపట్టాల్సింది నేతాజీని కాదు, జెండా కథ చెప్పి కందకం కథ మింగేసిన మన రాతల్ని. వలసపాలకుడికి శత్రువు కాబట్టి వచ్చినవాడు మనవాడే అనుకోవడం, వాడి కింద నలిగినవాళ్ళను లెక్కలోంచి కొట్టేయడం, ఇదే నాకు అభ్యంతరం.

1944 జూన్ 21న బ్రిటిష్ విమానవాహక నౌక ఇలస్ట్రియస్ నుంచి వచ్చిన విమానాలు పోర్ట్ బ్లెయిర్ మీద బాంబులు వేశాయి. ఆ తర్వాతా దాడులు జరిగాయి. పాత ప్రభువు బాంబులకూ కొత్త ప్రభువు బెత్తానికీ నడుమ జనం. పైగా ప్రతి దాడి తర్వాతా మళ్ళీ గూఢచారుల వేట. అడవిలో జారవాల మీద కూడా జపాన్ విమానాలు బాంబులు వేశాయి. ఏ చక్రవర్తికి ఏ చక్రవర్తితో యుద్ధమో వారికి ఎవరూ చెప్పి ఉండరు.

కార్ నికోబార్‌లోనూ ఇదే కథ, ఇంకా చిన్న నేల మీద. అక్కడా విమాన మైదానం, అక్కడా వెట్టి, కొబ్బరీ పందులూ సైన్యం పాలు, 1945లో అక్కడా గూఢచారుల కేసు, చంపుళ్ళు. అయితే ఆ కేసు కోర్టుకెక్కింది. 1946లో సింగపూర్ యుద్ధనేరాల విచారణల్లో నికోబారీలు సాక్ష్యం చెప్పారు. వారిని నిలబెట్టినవాడు జాన్ రిచర్డ్‌సన్ అనే నికోబారీ పాదిరి, తర్వాత బిషప్ అయినవాడు. 1952లో రాష్ట్రపతి ఆయన్ను అండమాన్ నికోబార్ తరఫున మొదటి లోక్‌సభకు నియమించారు. అదే లోక్‌సభలో విశాఖపట్నం నుంచి గెలిచి కూర్చున్నాడు మన గాం మల్లుదొర. ఒకరు అండమాన్‌కు ఖైదీగా వెళ్ళినవాడు, ఒకరు ఆ దీవుల్లో ఆక్రమణ చవిచూసినవాడు. ఒకే సభలో ఐదేళ్ళు! ఇద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకుని ఉంటారా? ఊహించుకోవడానికి బాగుంటుంది.

చివరి ఘట్టం హేవ్‌లాక్. 1945 నాటికి దీవులకు ఓడ రావడం దాదాపు ఆగిపోయింది. సైన్యానికీ తిండి లేదు. పని చేయలేని నోళ్ళు ఎందుకు అన్న లెక్క మొదలైంది. ఆగస్టులో, జపాన్ లొంగిపోవడానికి కొద్ది రోజుల ముందు, ముసలివాళ్ళు, రోగులు, నిరుద్యోగులు, కొన్ని కుటుంబాలకు కుటుంబాలే, అలా వందలమందిని పోగుచేశారు. మంచి నేల ఉంది, సాగు చేసుకుందురు అని పడవలెక్కించారు. చీకట్లో హేవ్‌లాక్ దీవికి కాస్త దూరంలో సముద్రంలోకి దూకమన్నారు. దూకనివారిని తోశారు. చాలామంది మునిగిపోయారు. ఒడ్డు చేరినవారు ఆ నిర్జన దీవి మీద తిండి లేక ఒకరి తర్వాత ఒకరు పోయారు. ఆగస్టు 15న యుద్ధం ముగిసింది. అండమాన్‌కు మాత్రం అక్టోబరు 7 దాకా ఎవరూ రాలేదు. ఎవరో వచ్చి చూసేసరికి హేవ్‌లాక్‌లో ప్రాణంతో మిగిలినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. 2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. రాధానగర్ బీచి అక్కడే. మన పిల్లలు పెళ్ళయ్యాక వెళ్ళి వస్తున్నది అక్కడికే.

ఇదే యుద్ధంలో ఇంకో సముద్రంలో ఇంకో దీవుల కథ ఉంది. పోల్చి చూస్తే మన లోటు తెలుస్తుంది. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఉన్న జెర్సీ, గెర్న్‌సీ దీవుల్ని 1940 జూన్ 30, జూలై 1 తేదీల్లో జర్మన్లు పట్టుకున్నారు. అంతకు ముందు, జూన్ 28న, గెర్న్‌సీ రేవులో టమాటా బుట్టలతో నిలబడ్డ లారీలను సైనిక వాహనాలనుకుని బాంబులు వేశారు. ఆ తర్వాత ఐదేళ్ళు ఆక్రమణ. గడియారాలు జర్మనీ టైముకు తిప్పారు, బండ్లు రోడ్డుకు కుడివైపు నడిపించారు, రేడియోలు లాక్కున్నారు. జనం కాఫీకి బదులు పార్స్‌నిప్ అనే దుంప వేయించి పొడి చేసుకున్నారు, టీకి ముళ్ళపొద ఆకులు ఎండబెట్టుకున్నారు, సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు చేసుకున్నారు, సైకిలు చక్రానికి తోట నీళ్ళ గొట్టం చుట్టుకున్నారు. అక్కడా ఇరుగుపొరుగు మీద చాడీల ఉత్తరాలు రాసినవారున్నారు. పోస్టాఫీసులో కొందరు ఆ ఉత్తరాలను ఆపి, పేరున్నవారికి ముందే కబురు పంపేవారు. ఆ దీవుల నుంచి తీసుకుపోయి చంపిన యూదులున్నారు, పస్తులతో పనిచేయించి చంపిన విదేశీ కూలీలున్నారు. అక్కడి ఆకలినీ తక్కువ చేయను. అయితే 1944 డిసెంబరు చివర్లో రెడ్ క్రాస్ ఓడ వేగా పార్సెళ్ళతో వచ్చింది. అండమాన్‌కు ఏ వేగా రాలేదు.

ఇంకా పెద్ద తేడా తర్వాత. జెర్సీ, గెర్న్‌సీల్లో ఎందరో డైరీలు రాశారు. రేషను కార్డులు, గుర్తింపు కార్డులు, ఇంట్లో చేసుకున్న క్రిస్టల్ రేడియోలు ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి. మే 9న ఏటా సెలవు. బడిపిల్లలకు ఆ ఐదేళ్ళలో ఏం వండుకున్నారో కూడా తెలుసు. అండమాన్‌లో పాత రికార్డుల్ని, తమ రికార్డుల్ని కూడా, జపాన్ సైన్యం పోయే ముందు తగలబెట్టింది. మిగిలినవి జనం నోళ్ళు. ఆ నోళ్ళు కూడా తేలిగ్గా విచ్చుకోలేదు. చిన్న ఊరు, సాక్ష్యం చెప్పి ఇరికించినవాడూ, ఇరుక్కుని చచ్చినవాడి కొడుకూ ఒకే బజారులో ఎదురుపడతారు. వాళ్ళ పిల్లలు ఒకే బడి. చెప్పకుండా ఉండడమే ఇరుగుపొరుగుగా బతకడానికి దారి అయింది. జయంత్ దాస్‌గుప్తా వంటి పరిశోధకులు ఆలస్యంగా ఆ నోళ్ళ నుంచి కొంత రాబట్టి పుస్తకాలు రాశారు. అవి ఇంగ్లీషులో ఉన్నాయి.

లెక్క ఒక్కటి మాత్రం తగలబడలేదు. 1941లో 33,768 అన్నాను. 1951 జనాభా లెక్కల్లో 30,971. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థి కుటుంబాలను తెచ్చి స్థిరపరచడం మొదలైనా తగ్గింది. తగ్గిందంతా చావులే అని చెప్పను. 1945లో శిక్షల కాలనీని రద్దు చేశాక వేలమంది ఖైదీలు స్వస్థలాలకు వెళ్ళిపోయారు. అది తీసేశాక ఎంత మిగులుతుందన్నది ఎవరైనా కూర్చుని తేల్చాల్సిన పని. విశ్వవిద్యాలయాల్లో చరిత్ర విభాగాలు అందుకే ఉన్నాయి.

ఇందులో తెలుగువాళ్ళకేం పని అని అడగవచ్చు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల జనాభాలో నూటికి పదమూడు మంది తెలుగు మాట్లాడేవారు. చాలామంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి స్వాతంత్ర్యం తర్వాత వెళ్ళినవారు. చేపల వేటకు, కట్టుబడి పనులకు వెళ్ళి ఉండిపోయారు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది. అక్కడ తెలుగు సంఘాలున్నాయి, తెలుగు బడులున్నాయి. ఆక్రమణ కాలంలో వీళ్ళ తాతలు అక్కడ లేరు కాబట్టి ఆ కథ వీళ్ళ ఇళ్ళలో పుట్టలేదు. అయితే వీళ్ళ పక్కింట్లో ఉంది. లోకల్ బార్న్ కుటుంబాల్లో, మాప్పిళ్ళల ఇళ్ళలో, ఫెరార్‌గంజ్, వింబర్లీగంజ్ వైపు ఊళ్ళలో అప్పటికి ఐదారేళ్ళ పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉంటారు. వాళ్ళకు జపాన్ పదాలు ఒకటి రెండు ఇంకా గుర్తుంటాయి. ఏ దుంప ఎలా వండారో గుర్తుంటుంది. వాళ్ళు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

కాబట్టి నా విన్నపం రెండు మాటలు. ఒకటి, ఈ స్మారకనిధి నిర్వాహకులకు: వచ్చే ఏడు నాలాంటి ఉపన్యాసకుడి కోసం ఖర్చు పెట్టే డబ్బుతో ఒక కుర్రవాణ్ణో అమ్మాయినో టేప్ రికార్డరు ఇచ్చి విశాఖ నుంచి ఓడెక్కించండి. హిందుస్తానీ వచ్చినవారైతే చాలు. రెండోది, అక్కడి తెలుగు సంఘాలకు: సంక్రాంతి ముగ్గుల పోటీల పక్కన, ఏటా ఒక సాయంత్రం పక్కింటి ముసలమ్మను పిలిచి మాట్లాడించండి. మాట్లాడినది రాసి పెట్టండి, తెలుగులో అచ్చేయించండి. ఏం అడగాలో తెలియకపోతే, ఆ ఏడు బియ్యం దొరికాయా అమ్మా అని మొదలుపెట్టండి.